కలిసి పనిచేసేవారిని ఏమనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర్లో నాకు డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. రిటైర్మెంట్ సన్మాన పత్రాలు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు, ట్రాన్స్‌ఫర్ మీద పోయేవారి వీడ్కోలు కార్డులు, సంఘాల వినతిపత్రాలు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు అన్నీ ఇక్కడ టైపవుతాయి. రోజుకు ఒక్కరైనా కీబోర్డు పక్కన నిలబడి "అన్నా, కొలీగ్‌ను తెలుగుల ఏమంటరు?" అని అడుగుతారు. ఒక్క మాట చెప్పి పంపొచ్చు. కానీ ఎవరి గురించి రాస్తున్నారో, దాన్ని ఎవరు చదువుతారో తెలుసుకోకుండా చెబితే ఆ కాగితం ఎవరినో ఒకరిని నొప్పిస్తుంది. అందుకే మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఒకచోట పెట్టాను. మా అమ్మ పుట్టిల్లు పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు కాబట్టి అక్కడి మాటలు కూడా కలిశాయి.

కొలీగ్‌కు సరైన తెలుగు మాట ఏది?

ఆఫీసు కాగితాల్లో అయితే సహోద్యోగి. సహ, ఉద్యోగి కలిసి గుణసంధితో సహోద్యోగి అయింది. నా దగ్గరికి వచ్చే చేతిరాతల్లో సహుద్యోగి, సహద్యోగి అని కనిపిస్తుంటాయి, రెండూ తప్పే. సంధి వద్దనుకుంటే "సహ ఉద్యోగి" అని విడిగా రాయండి, ఎవరూ తప్పు పట్టరు. ఆడవారికి సహోద్యోగిని అనే రూపం ఉంది గానీ ఇప్పుడు ఇద్దరికీ సహోద్యోగి అనే రాస్తున్నారు. నాకు కూడా అదే నచ్చుతుంది.

అయితే ఆ మాట లోపల ఉద్యోగం ఉంది. నెల జీతం, హాజరు రిజిస్టరు, హోదా ఉన్నచోట అది అతుకుతుంది. వరినాటు వేసే ఇద్దరు ఆడవాళ్లను సహోద్యోగులు అంటే వాళ్లే వింతగా చూస్తారు. ఇంగ్లిష్‌లోనూ ఇలాంటి తేడా ఉంది. కొలీగ్ లాటిన్ నుంచి వచ్చిన మాట, పదవికి మరొకరితో పాటు ఎంపికైనవాడని దాని పాత అర్థం. అందుకే డాక్టర్లు, లాయర్లు, లెక్చరర్లు ఒకరినొకరు కొలీగ్ అనుకుంటారు. పని ఏదైనా సరే కలిసి చేసేవారిని కోవర్కర్ అంటారు. మనకు ఆ రెండో చోట పనికొచ్చే మాట "తోటి".

"తోటి సహోద్యోగులందరికీ" అని కార్డు మీద వేయొచ్చా?

వద్దు. తోటి అన్నా సహ అన్నా ఒకటే అర్థం. "తోటి ఉద్యోగులందరికీ" అనండి, లేదా "సహోద్యోగులందరికీ" అనండి. నా షాపులో ఎక్కువసార్లు దిద్దే తప్పు ఇదే.

తోటి అనేది పల్లెటూరి మాట కాదా? గ్రంథాల భాష కావాలి కదా?

ఈ అనుమానం చాలామందికి ఉంది. తోటి చాలా పాత మాట, మంచి మాట. నాడు నుంచి నాటి, ఏడు నుంచి ఏటి వచ్చినట్టే తోడు నుంచి తోటి వచ్చింది. వ్యాకరణంలో తృతీయా విభక్తి అని చదువుకున్న "చేత, చే, తోడ, తో"లో ఉన్నది కూడా ఈ తోడే. మన దగ్గర "మాతోటి పనిచేస్తడు" అంటాం. అందులోని తోటి, "తోటి పనివాడు"లోని తోటి ఒకే ఇంటి పిల్లలు. తోడబుట్టినవాడు, తోడల్లుడు, తోటికోడలు (మనం యారాలు అంటాం) అందరూ ఆ ఇంటివాళ్లే. అంటే పక్కన ఉండేవాడికి మన భాష పెట్టిన పేరే తోడు.

ఎవరికైనా పనికొస్తుంది: తోటి ఉపాధ్యాయులు, తోటి డ్రైవర్లు, తోటి డాక్టర్లు, తోటి కూలీలు, తోటి కళాకారులు. ఇందులో ఎక్కువ తక్కువ లేదు. కలెక్టర్ మరో జిల్లా కలెక్టర్‌ను తోటి కలెక్టర్ అనొచ్చు, ఊడ్చే అక్క పక్క వార్డులో ఊడ్చే అక్కను తోటి కార్మికురాలు అనొచ్చు.

టైప్ చేసేటప్పుడు ఖాళీ ఎక్కడ వస్తుందో చూసుకోండి. "నాతోటి పనిచేసినవారు" అంటే నాతో కలిసి చేసినవారు. "నా తోటి పనివారు" అంటే నాలాంటి పనివారు. అర్థాలు దగ్గరివే గానీ వాక్యం మారిపోతుంది.

సహచరుడు, సహాధ్యాయి, సహాయకుడు, భాగస్వామి: ఇవన్నీ కొలీగ్‌కు పర్యాయపదాలేనా?

కాదు. సహాధ్యాయి, సహపాఠి కలిసి చదువుకున్నవారు. సహాయకుడు మన పనిలో చేయి వేసేవాడు, అసిస్టెంట్. సమానంగా పనిచేసే మనిషిని సహాయకుడు అంటే ఆయన పని సగం చేసినట్టు అవుతుంది. భాగస్వామి లాభనష్టాలు పంచుకునే మనిషి. సహచరుడు మాత్రం కొలీగ్‌కు దగ్గరే, ఉద్యమాల్లో, కళాబృందాల్లో బాగా నడుస్తుంది. కానీ సహచరి అని రాసేముందు ఆగండి. తెలుగులో ఆ మాటకు జీవితాన్ని పంచుకునే ఆడమనిషి అనే అర్థం గట్టిగా ఉంది. ఒక హైస్కూల్ సారు ట్రాన్స్‌ఫరై పోతున్న టీచరమ్మకు రాసిన కవితలో "మా సహచరి" అని పెట్టారు. ప్రింటింగుకు ముందే చూసి "తోటి ఉపాధ్యాయిని" అని మార్పించాను.

"మా దగ్గర పనిచేస్తాడు", "మా కింద పనిచేస్తాడు", "మాతో పనిచేస్తాడు": ఏది రాయాలి?

నేను ఇదంతా రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్న.

కొన్నేళ్ల కింద ఒక ఆఫీసు నుంచి సన్మాన పత్రం పని వచ్చింది. 34 ఏళ్లు అటెండర్‌గా చేసి రిటైరవుతున్న పెద్దమనిషికి అది. స్టాఫ్ రాసిచ్చిన మ్యాటర్‌లో "మా వద్ద అటెండరుగా పనిచేసి, మా మన్ననలు పొందిన" అని ఉంది. నేను అట్లాగే కొట్టి, చుట్టూ బంగారు రంగు బార్డర్ పెట్టి ప్రూఫ్ తీశాను. ఆ సాయంత్రం ఆయన బిడ్డ ఫొటో ఇద్దామని వచ్చింది. టేబుల్ మీద ప్రూఫ్ కనబడితే నిలబడి చదివింది. పెన్సిల్ అడిగి తీసుకుని "మా వద్ద" కింద గీత గీసింది. "అన్నా, మా నాయిన వీళ్ల దగ్గర పనిచెయ్యలే. సర్కారు దగ్గర చేసిండు. వీళ్లతోటి చేసిండు" అంది.

నా దగ్గర జవాబు లేదు. వేల కాగితాలు టైప్ చేసిన నాకు ఆ తేడా కనబడలేదు, ఆమెకు ఒక్క చూపులో కనబడింది. ఆఫీసుకు ఫోన్ చేసి చెబితే సూపరింటెండెంట్ గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నిజమే, మార్చు" అన్నారు. "34 ఏళ్లు మాతో కలిసి పనిచేసిన మా సహోద్యోగి" అని ప్రింటయింది. ఆఫీసర్ల సన్మాన పత్రాలకు వాడే మాటే అది.

అప్పటి నుంచి ఇలా చూస్తున్నాను. "దగ్గర", "వద్ద" అంటే ఒకరు యజమాని, ఒకరు పనివాడు. షాపు ఓనర్ "మా దగ్గర పనిచేశాడు" అని సర్టిఫికెట్ ఇస్తే తప్పు లేదు, జీతం ఇచ్చింది ఆయనే. ఒకే చోట జీతం తీసుకునేవాళ్లు అలా అనకూడదు. "కింద" ఇంకా బరువైన మాట. హోదా చెప్పక తప్పని చోట "ఫలానా అధికారి పర్యవేక్షణలో పనిచేశారు" అంటే సరిపోతుంది. మిగిలిన ప్రతిచోటా "తో" వాడండి. ఒక్క అక్షరమే, ఖర్చేమీ లేదు.

సిబ్బంది, గుమస్తా, చప్రాసీ, నౌకరు: ఈ పాత మాటలు ఇప్పుడు వాడొచ్చా?

మన ప్రాంతం 1948 దాకా నిజాం పాలనలో ఉంది, ఆఫీసు భాష ఉర్దూ. అందుకే పనిచేసే మనుషుల పేర్లలో సగం పారసీ, అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చాయి. గుమస్తా అంటే నియమించబడినవాడు. హమాలీ అంటే మోసేవాడు. సిబ్బంది కూడా పారసీ మాటే, ఒకప్పుడు పన్నుల వసూలుకు, కాపలాకు పెట్టుకున్న కిరాయి సైనికులను అలా అనేవారు. ఇప్పుడు సిబ్బందిలో ఆ వాసన పోయింది. ఆసుపత్రి సిబ్బంది, పోలీసు సిబ్బంది అని అందరం అంటున్నాం. స్టాఫ్ అనే చోటల్లా హాయిగా వాడండి.

చప్రాసీ, బంట్రోతు మాత్రం మానేయండి. పట్వారీ, మాలీ పటేల్, మస్కూరి అనే పాత ఊరి కొలువుల పేర్లు చరిత్రలోకి వెళ్లిపోయాయి. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది, 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థ కూడా రద్దయింది. ముసలివాళ్ల మాటల్లో మాత్రం "పట్వారి" ఇంకా బతికే ఉన్నాడు.

నౌకరి, నౌకరు జంటను చూడండి. "పిల్లగానికి నౌకరి వచ్చింది" అంటే ఇంటిల్లిపాదికీ పండుగ. అదే పిల్లవాణ్ని నౌకరు అంటే కొట్లాట. ఒకే వేరు నుంచి వచ్చిన రెండు మాటల్లో పనికి గౌరవం దక్కింది, పనిచేసే మనిషికి దక్కలేదు.

జీతగాడు అంటే జీతం తీసుకునేవాడే కదా, అందులో తప్పేముంది?

బయటి ప్రాంతం వాళ్లు, హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్లలు ఇది అడుగుతారు. నల్గొండ, పాలమూరు పల్లెల్లో జీతగాడు అంటే ఉద్యోగి కాదు. ఏడాదికి ఇంతని మాట్లాడుకుని ఒక రైతు ఇంట్లో ఉండి పశువులు, వ్యవసాయం చూసుకునే మనిషి. "జీతం ఉన్నడు" అంటే తెల్లవారకముందు లేచి పేడ తీసి, రాత్రి పశువులకు మేత వేసి గానీ పడుకోని బతుకు. తీసుకున్న అప్పు తీరక బడికి పోవాల్సిన పిల్లలు జీతం ఉన్న ఇళ్లు మా ముందు తరంలో బోలెడు. ఆ మాట వింటే ఆ ఇళ్లవాళ్లకు అదంతా గుర్తొస్తుంది. కంపెనీ ఉద్యోగిని సరదాగా కూడా జీతగాడు అనొద్దు.

పొలం పనిలో కలిసి చేసేవారికి మాటలు ఏమున్నాయి?

మస్తుగా ఉన్నాయి. కైకిలి అంటే రోజు కూలి, కైకిలోళ్లు అంటే ఆ పనికి వచ్చినవాళ్లు. గుత్తకు, అంటే మొత్తం పనికి ఇంతని మాట్లాడుకుని పడితే జట్టు. "ఆమె జట్టు నాట్లకు వచ్చింది" అంటే పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు, ముందు నడిచే ఒక పెద్దామె కళ్లకు కడతారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట బదులు. ఇవాళ నీ చెలకలో (మెట్ట పొలంలో) నేను, రేపు నా చెలకలో నువ్వు, మధ్యలో పైసల లెక్క లేదు. బదులుకు వచ్చిన మనిషి కూలీ కాదు, యజమాని కూడా కాదు. ఏ డిక్షనరీలోని కొలీగ్ కంటే కూడా ఈ మనిషి సమానం. మధ్యాహ్నం గట్టు మీద సద్ది విప్పితే తొక్కు ఒకరిది, పప్పు ఒకరిది, అందరి ముద్దల్లోకీ అన్నీ వస్తాయి. ఇంగ్లిష్‌లో కంపానియన్ అంటే మొదట రొట్టె పంచుకునేవాడని అర్థం. ఆ అర్థం మా అమ్మకు పుస్తకం లేకుండానే తెలుసు.

ఉపాధి హామీని మనవాళ్లు కరువు పని అంటారు. 2006 ఫిబ్రవరిలో దేశంలో మొదటి 200 జిల్లాల్లో ఆ పని మొదలైనప్పుడు నల్గొండ, మహబూబ్‌నగర్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. దాంతోపాటు మేటు అనే మాట మన నోట్లోకి వచ్చింది. ఇంగ్లిష్‌లో మేట్ అంటే కలిసి తినేవాడు, జతగాడు. ఇక్కడ మేటు అంటే హాజరు వేసి, కొలతలు చూసే మనిషి. కూలీల్లోంచే వచ్చిన మనిషి కాబట్టి పాత అర్థం పూర్తిగా పోలేదనుకుంటాను.

హమాలీలకు సహోద్యోగి అని రాయొచ్చా?

ఒకసారి రాసి, వాళ్ల చేతనే దిద్దించుకున్నాను. హమాలీల ముఠాలో, అంటే జట్టులో, ఒకాయన గుండెపోటుతో పోతే నలుగురు శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి వచ్చారు. అందరూ చందాలు వేసుకున్న చిల్లర నోట్లు రుమాలులో మూటకట్టి తెచ్చారు. నేను మర్యాదగా ఉంటుందని కింద "ఇట్లు, మీ సహోద్యోగులు" అని పెట్టాను. వాళ్లలో పెద్దాయన స్క్రీన్ చూసి, "ఉద్యోగం ఎక్కడిది బిడ్డా మాకు? ముఠా అని రాయి. మాది ముఠా" అన్నాడు. "ఇట్లు, మీ ముఠా" అని మార్చాను. ముఠా అంటే పేపర్లలో దొంగల ముఠా అని వస్తుంది కదా అని నాకు లోపల ఒక సందేహం. మార్కెట్లో అది గౌరవమైన మాట. వచ్చిన కూలి ముఠా మొత్తం పంచుకుంటుంది.

మార్కెట్ యార్డులో ఎవరి పేరు వాళ్లకు ఉంది, కలిపేయకండి. తూకం వేసేవారు దడ్వాయిలు. కుప్పలు ఊడ్చి, గింజలు చెరిగి శుభ్రం చేసే ఆడవాళ్లు చాటకూలీలు. బస్తాలు మోసేవారు హమాలీలు. వినతిపత్రంలో అందరినీ "లేబర్" అని ఒక్క మాటలో తోసేస్తే ఎవరి రేటు గురించి అడుగుతున్నారో అధికారికి అర్థం కాదు.

ఇంకో మాట. మిర్యాలగూడ వైపు రైసుమిల్లుల్లో బిహార్ నుంచి వచ్చిన హమాలీలు చాలామంది ఉన్నారు. 2020 మేలో లాక్‌డౌన్ నడుస్తుండగానే ఖగరియా నుంచి ప్రత్యేక రైల్లో మిల్లుల పనికి వచ్చి హైదరాబాద్ లింగంపల్లిలో దిగారు. వాళ్లను ఉత్త "బిహారోళ్లు" అనకుండా "బిహార్ హమాలీలు" అని రాయండి. ఊరి పేరు ఉండొచ్చు, దాని పక్కన పని పేరు కూడా ఉండాలి.

"పాలమూరు లేబర్" అంటే ఎందుకు బాధపడతారు?

దేశంలో ఎన్నో డ్యాములు, కాలువలు, రోడ్ల మీద పాలమూరు మనుషుల చెమట ఉంది. మట్టి పనిలో వాళ్లకు తిరుగులేదు. కానీ ఆ పేరుతో వాళ్లు పోయింది కరువు వల్ల, గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్స్ వల్ల. గుంపు మేస్త్రీ ఊళ్లో ముందే పైసలిచ్చి, మొగుడూ పెళ్లాం ఇద్దర్నీ జంటగా తీసుకుపోయేవాడు. ముసలివాళ్లు, పిల్లలు ఊళ్లో మిగిలేవారు. మా అమ్మమ్మ చేతిలో అలా పెరిగిన పిల్లలు ఇద్దరున్నారు. కాబట్టి ఆ మాట ఒకరి నోట మెచ్చుకోలు, మరొకరి నోట ఎత్తిపొడుపు. "పాలమూరు నుంచి వచ్చిన మట్టిపని కార్మికులు", "పాలమూరు సుతారి (ఇళ్లు కట్టే) మేస్త్రీలు" అని పని చెప్పి రాస్తే ఎవరికీ నొప్పి ఉండదు. వాళ్లలో వాళ్లు మాత్రం "మా గుంపోళ్లు" అనుకుంటారు.

ఇంట్లోవాళ్లు కూడా పనిలో ఉంటే వాళ్లనేమనాలి?

పోచంపల్లి వైపు నుంచి చేనేత కార్డుల దరఖాస్తులకు వచ్చేవారితో ఇది ఎప్పుడూ తేలని చర్చ. "నేను నేస్త, మా ఆమె సాయం చేస్తది" అంటారు. ఆ సాయంలో ఆసు పోయడం, అంటే నేతకు ముందు దారాన్ని సిద్ధం చేయడం ఉంది. మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ చేయి రోజుకు వేల సార్లు ఆడాలి, భుజం పడిపోతుంది. ఆలేరు దగ్గరి శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడే ఆ నొప్పి చూడలేకనే ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంత పని చేసే మనిషి సహాయకురాలు ఎట్లా అవుతుంది? నేను "నేత కార్మికురాలు" అనే టైప్ చేస్తాను. భర్త పక్కనుంటే ఆయనకు కూడా చెప్పి చేస్తాను. ఇంతవరకు వద్దన్నవారు లేరు.

కామ్రేడ్ అని ఎవరినైనా అనొచ్చా?

స్పానిష్‌లో ఒకే గదిలో ఉండేవాడు అనే అర్థంతో పుట్టిన మాట. మన దగ్గర 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం నడిచిన నేల కాబట్టి నల్గొండలో అది పరాయి మాట అనిపించదు. యూనియన్ కరపత్రంలో, సంస్మరణ సభ ఫ్లెక్సీలో పేరుకు ముందు తప్పకుండా వేస్తాం. ఆఫీసు సన్మాన పత్రంలో మాత్రం ఆ మనిషి ఇష్టం అడగండి.

సోపతి, దోస్త్?

మాట్లాడేటప్పుడు బంగారంలాంటి మాటలు. వీడ్కోలు సభలో మైకు ముందు "నా సోపతిగాడు" అంటే హాలంతా చప్పట్లు. సర్టిఫికెట్‌లో వద్దు.

ఎదురుగా ఎట్లా పిలవాలి? పేరా, వరసా, సారా?

వయసులో పెద్దవారిని అన్నా, అక్కా, కాకా అనడం మన అలవాటు, మంచి అలవాటు. ఒక చిక్కుంది. ఆఫీసర్‌ను సార్ అని, అదే గదిలో అదే వయసున్న అటెండర్‌ను పేరు పెట్టి "ఏయ్" అని పిలవడం చాలాచోట్ల చూస్తాను. స్కూల్లో వంటామె అని పిలిచే మనిషికి ఒక పేరు ఉంటుంది. దాని చివర అక్క చేర్చండి, చాలు. కాగితం మీద అయితే అందరికీ గారు పెట్టండి. నేను ఆహ్వాన పత్రాల్లో డ్రైవర్, స్వీపర్ పేర్ల తర్వాత కూడా గారు చేరుస్తాను. తీసేయమన్న వారు ఒక్కరిద్దరే.

వేరే ఆఫీసుకు వెళ్లిపోయినవారిని ఏమనాలి?

పూర్వ సహోద్యోగి. మాజీ సహోద్యోగి అనకండి, మాజీ పదవికి నప్పుతుంది గానీ మనిషికి నప్పదు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఒకే సెక్షన్‌లో కూర్చున్నవాళ్లు సూర్యాపేటకు, భువనగిరికి, అటు పాలమూరులో వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కు, గద్వాలకు ఆర్డర్ టు సర్వ్ (తాత్కాలిక కేటాయింపు) మీద చెల్లాచెదురయ్యారు. వాళ్ల ఇళ్లలో పెళ్లి కార్డులు ఇప్పటికీ నా దగ్గరికే వస్తుంటాయి, "పాత నల్గొండ ఆఫీసు మిత్రులకు" అని కవరు మీద వేరుగా ప్రింట్ తీయమంటారు. అది కూడా సరైన తెలుగే. అట్లాగే తీసిస్తాను.